పాత ల్యాప్‌టాపా, కొత్తదా? ఫ్లోరైడ్ సర్వే బృందానికి యంత్రాలు ఎంచిన కేసు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల పల్లెల్లో బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలిచి, ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగిన కుటుంబాల ఆరోగ్య వివరాలను నమోదు చేసే ఒక చిన్న స్వచ్ఛంద బృందం తన ల్యాప్‌టాపులన్నిటినీ మార్చుకోవాలని నిర్ణయించుకుని, ఏవి కొనాలో చెప్పమని నన్ను అడిగింది. నేను నల్లగొండలో కంప్యూటర్ల మరమ్మతు చేస్తాను, చిన్న సంస్థలకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే వ్యవస్థలు అమర్చి పెడతాను. ఇలాంటి ప్రశ్న మిగతా సంస్థలకూ ఎదురవుతోంది కనుక, ఈ కేసులో ఏం చూశామో, దేన్ని వదిలేశామో, ఎందుకు వదిలేశామో వివరంగా రాస్తున్నాను.

బృందం దగ్గరున్న యంత్రాలు విండోస్ 10తో నడిచేవి. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు మద్దతును 2025 అక్టోబర్ 14తో ముగించింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్ ఉండాలి. వీళ్ల యంత్రాల్లో ఆ రెండూ లేవు. అయితే యంత్రాలు పాతబడటం ఒక్కటే కారణం కాదు. సర్వే ఫారాలు అప్పటిదాకా ఒక ప్రైవేటు కంపెనీ యాప్‌లో నింపేవారు, సమాచారమంతా ఆ కంపెనీ సర్వర్‌లోనే ఉండేది. చందా కట్టడం ఆపితే పాత రికార్డులు కూడా తమకు అందవని తెలిసిన రోజునే బృందం సమన్వయకర్త ఇక మీదట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే వాడాలని పట్టుబట్టారు. ఆ రికార్డుల్లో ఉన్నది బోరు నంబర్లు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అన్న లెక్కలు మాత్రమే కాదు. పేర్లు, వయసులు, వంకర తిరిగిన కాళ్ల ఫొటోలు, నడుము వంగని తల్లుల మాటలు ఉన్నాయి. నమ్మి చెప్పిన మనుషుల వివరాలు ఎవరి ఆధీనంలో ఉండాలన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

ఇదే సమయంలో బృందానికి తోడ్పడే ఒక దాత కొత్త ల్యాప్‌టాపులు కొనిస్తానని ముందుకొచ్చారు. మంచి మనసుతో చేసిన ప్రతిపాదన అది, బృందంలో కుర్రవాళ్లకు ఆశ కూడా కలిగింది. మరోవైపు, స్వేచ్ఛ గురించి బాగా చదివిన ఒక కార్యకర్త 2008 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్200 ల్యాప్‌టాప్ తప్ప మరే యంత్రమూ నిజంగా స్వేచ్ఛ గలది కాదని వాదించారు. ఈ రెండు కొసల మధ్య నేను సలహా చెప్పవలసి వచ్చింది.

స్వేచ్ఛ ఏ పొరలో కావాలి

సాఫ్ట్‌వేర్‌ను నడుపుకొనే, చదివి అర్థం చేసుకొనే, మార్చుకొనే, పంచుకొనే హక్కులు ఉంటే అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఈ నాలుగు హక్కుల్ని ఆపరేటింగ్ సిస్టమ్ మీద, దానిపై నడిచే ప్రోగ్రాముల మీద పొందడం నేడు పెద్ద కష్టం కాదు. దాదాపు ఏ ల్యాప్‌టాప్ తీసుకున్నా డెబియన్ అనే లైనక్స్ ఆధారిత స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. చిక్కంతా దాని కింద ఉంది. మీట నొక్కగానే మొదట లేచే బయోస్, ఇంటెల్ చిప్‌సెట్‌లో ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా నడిచే మేనేజ్‌మెంట్ ఇంజిన్, వైఫై కార్డుకు ఎక్కించే ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే ప్రోగ్రాము), కీబోర్డునూ బ్యాటరీనీ చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్, ప్రాసెసర్ లోపలి ఆదేశాలను నడిపే మైక్రోకోడ్, చివరికి ఎస్‌ఎస్‌డీ లోపలి ప్రోగ్రాము, ఇవన్నీ సాధారణంగా మూసి ఉన్న ముక్కలే. అన్నీ తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ మన బజారులో దొరకదు. ఎక్స్200లోనూ ఎంబెడెడ్ కంట్రోలర్ ప్రోగ్రాము మూసే ఉంటుంది.

అందుచేత "ఇది స్వేచ్ఛ గలదా, కాదా" అని ఒక్క మాటలో తేల్చే పద్ధతిని నేను అనుసరించలేదు. ప్రతి మూసిన ముక్కకు రెండు ప్రశ్నలు వేశాను. మొదటిది, అది ఎంతవరకు చేరగలదు: యంత్రం మెమరీని చదవగలదా, నెట్‌వర్క్ మీదికి పోగలదా? రెండోది, దాన్ని మార్చే, తీసేసే, కనీసం కుదించే దారి యజమాని చేతిలో ఉందా? మేనేజ్‌మెంట్ ఇంజిన్‌కు మెమరీ మీదా నెట్‌వర్క్ మీదా పట్టు ఉంది. యంత్రం ఆపి ఉన్నా, కరెంటు అందుతుంటే అది మేలుకుని ఉండగలదు. దాని మీద నడిచే ఏఎంటీ అనే దూర నిర్వహణ సదుపాయంలో, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రానిచ్చే లోపం 2017 మేలో బయటపడింది. దానితో పోలిస్తే కీబోర్డు కంట్రోలర్ చేయగలిగే హాని చాలా తక్కువ. రెండూ మూసినవే అయినా ఒకే గాటన కట్టడం సరికాదు.

దీనికి నేను మూడో ప్రశ్న చేర్చాను, అది సమన్వయకర్త నోట వచ్చింది. పాత యంత్రాల్లో బయోస్ మార్చే విధానం చూపిస్తున్నప్పుడు ఆమె అడిగారు: "అన్నా, రేపు నువ్వు ఊళ్ల లేకుంటే ఇది ఎవరు బాగుచేస్తరు?" యంత్రం విప్పి, బయోస్ ఉండే ఫ్లాష్ చిప్‌కు క్లిప్పు తగిలించి కొత్త ప్రోగ్రాము రాయడం నాకొక్కడికే వస్తే, ఆ యంత్రం మీద అధికారం కంపెనీ నుంచి నాకు మారుతుందే తప్ప బృందానికి చేరదు. బృందం తన చేతులతో మళ్లీ నిలబెట్టుకోగలదా అన్నది ఆ తర్వాత ప్రతి నిర్ణయంలోనూ మొదట చూశాను.

ఎక్స్200: అన్నిటికంటే తెరిచిన యంత్రం, అన్ని పనులకూ కాదు

ఎక్స్200లో ఇంటెల్ జీఎం45 చిప్‌సెట్ ఉంటుంది. ఈ తరంలో మేనేజ్‌మెంట్ ఇంజిన్ ప్రోగ్రామును ఫ్లాష్ చిప్ నుంచి పూర్తిగా తీసేసినా యంత్రం మామూలుగా నడుస్తుంది. ఆ తర్వాతి నెహలేమ్ తరం నుంచి అది సాధ్యం కాదు. సరైన ప్రోగ్రాము కనబడకపోతే యంత్రం అరగంటకు తనంతట తానే ఆగిపోతుంది. అందుకే లిబ్రేబూట్ అనే స్వేచ్ఛా బయోస్ వేసిన ఎక్స్200కు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2015లో "రెస్పెక్ట్స్ యువర్ ఫ్రీడమ్" ధ్రువీకరణ ఇచ్చింది. బయోస్ వరకు చూస్తే ఈ యంత్రాన్ని సిఫారసు చేసిన కార్యకర్త మాటలో అతిశయోక్తి లేదు. బయోస్ స్థాయి స్వేచ్ఛలో దీన్ని మించిన ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్ బజారులో దొరకడం కష్టం.

అయినా సర్వే పనికి దీన్ని వద్దన్నాను. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్‌లో ఏఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతికి ప్రత్యేక ఆదేశాలు లేవు. పల్లెలకు తీసుకెళ్లే ల్యాప్‌టాప్ బస్సులో పోవచ్చు, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. కనుక డిస్కు మొత్తం గుప్తీకరించి ఉండాలన్నది నేను సడలించని నియమం. ఆ ఆదేశాలు లేని ప్రాసెసర్ మీద డిస్కు చదివిన ప్రతిసారీ, రాసిన ప్రతిసారీ లెక్కల భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. అసలే రెండు కోర్లు. పటాలు వేసే క్యూజీఐఎస్ ప్రోగ్రాములో మండలం పటం తెరిచి బోర్ల బిందువులు వేసి చూసేసరికి ఓపిక నశించేంత నిదానం కనిపించింది. ర్యామ్ ఎనిమిది జీబీకి మించదు. నేటి వెబ్‌సైట్లు, వీడియో సమావేశాలు దాని శక్తికి మించినవి.

భద్రత విషయంలో ఇంకో లోటు ఉంది. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు వెల్లడయ్యాక ఇంటెల్ మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పెన్రిన్‌తో పాటు కొన్ని పాత తరాలకు ఆ పని ఆపేసినట్టు ప్రకటించింది. ఎక్స్200 ప్రాసెసర్ పెన్రిన్ తరానిది. ఇక్కడ మైక్రోకోడ్ గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆమోదించిన లైనక్స్ కూర్పులు (డిస్ట్రిబ్యూషన్లు) మూసిన మైక్రోకోడ్ సవరణలను ఇవ్వవు. ఆ నియమం వెనుక ఉన్న నిజాయితీని గౌరవిస్తాను, కానీ ఒప్పుకోలేను. ప్రాసెసర్ లోపల మైక్రోకోడ్ పాతది ఎలాగూ ఉంది, అదీ మూసినదే. కొత్తదాన్ని నిరాకరిస్తే మనకు కొత్తగా వచ్చే స్వేచ్ఛ ఏమీ లేదు, తెలిసిన లోపం మాత్రం ఉండిపోతుంది. ఇంటర్నెట్ చూసే యంత్రానికి ఆ లోపం మీద దాడి జరిగే దారి బ్రౌజరే.

ఇంకా పాత ఎక్స్60 గురించీ అడిగారు. వాటిలో చాలావాటిలో 32 బిట్ల కోర్ డ్యుయో ప్రాసెసర్ ఉంటుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు 32 బిట్ల ఇంటెల్ యంత్రాల కోసం ఇన్‌స్టాలర్ గానీ కెర్నల్ గానీ లేవు. దాని సంగతి అంతటితో ముగిసింది.

కొత్త యంత్రంలో తాళంచెవి ఎవరిది

దాత చూపించిన కొత్త మోడల్‌ను నేను తక్కువ చేసి మాట్లాడలేదు. తేలికగా ఉంది, బ్యాటరీ రోజంతా వస్తుంది, వారంటీ ఉంది. భుజాన సంచి వేసుకుని మర్రిగూడ బస్సు ఎక్కే ఆడపిల్లలకు బరువు తగ్గడం చిన్న సంగతి కాదు. డెబియన్ కూడా దాని మీద నడుస్తుంది.

కానీ ఇంటెల్ 2013 నుంచి, అంటే హాస్వెల్ తరం నుంచి తెచ్చిన బూట్ గార్డ్ అనే ఏర్పాటును తయారీదారు అమలులో పెడితే, ఆ తయారీదారు సంతకం చేయని బయోస్‌ను ఆ యంత్రం నడపదు. సంతకాన్ని పోల్చుకునే గుర్తును ఫ్యాక్టరీలోనే చిప్‌సెట్‌లో చెరగకుండా కాల్చి వేస్తారు. ఇల్లు మనం కొనుక్కున్నాక కూడా వీధి తలుపు తాళంచెవి మేస్త్రీ దగ్గరే ఉండిపోయినట్టు ఉంటుంది ఆ యంత్రం. దాని పైన ఇంకా ఉన్నాయి. గ్రాఫిక్స్‌కు, సౌండ్‌కు, వైఫైకు ఒక్కోదానికి మూసిన ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. దాత చూపించిన మోడల్‌లో ర్యామ్, వైఫై చిప్ రెండూ బోర్డుకే అతికించి ఉన్నాయి. వాటిలో ఏది పోయినా నల్లగొండలో బాగుచేయడం కుదరదు. మేనేజ్‌మెంట్ ఇంజిన్ 11వ వెర్షన్ నుంచి, అంటే 2015 స్కైలేక్ తరం నుంచి, తనదైన ప్రాసెసర్ మీద మినిక్స్ 3 ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడుపుతోంది. ఏఎమ్‌డీ తీసుకుంటే సరిపోతుందా అని దాత అడిగారు. వాటిలో ప్లాట్‌ఫామ్ సెక్యూరిటీ ప్రాసెసర్ అనే ఇలాంటి ఏర్పాటే ఉంది కనుక ఆ మార్పు వల్ల ప్రయోజనం లేదు.

డెబియన్ విషయంలో ఒక వివరం. 2022లో జరిగిన ఓటింగ్ తర్వాత డెబియన్ తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో మూసిన ఫర్మ్‌వేర్‌ను కూడా చేర్చింది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి దానికి ప్రత్యేక విభాగం ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్ ఆ ఫర్మ్‌వేర్‌ను తనంతట తానే వేసేస్తుంది, వాడేవారికి తెలియను కూడా తెలియదు. సౌకర్యం కోసం చేసిన ఆ మార్పు సబబే అనిపిస్తుంది నాకు. కానీ "డెబియన్ వేశాం, ఇక అంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే" అనే మాట దాని తర్వాత నిజం కాకుండా పోయింది.

నిర్ణయం ఎక్కడ కుదిరింది

ఎక్స్200కూ కొత్తవాటికీ నడుమ 2011, 2012లలో వచ్చిన శాండీ బ్రిడ్జ్, ఐవీ బ్రిడ్జ్ తరాలు ఉన్నాయి. స్వేచ్ఛ గురించి పట్టింపు ఉన్న చిన్న సంస్థలకు నేడు నేను మొదట చూడమనేది ఈ తరాన్నే. లిబ్రేబూట్‌కు మూలమైన కోర్‌బూట్ వీటి మెమరీని మూసిన ముక్క అవసరం లేకుండా లేపగలదు. గ్రాఫిక్స్‌కు ఫర్మ్‌వేర్ అక్కర్లేదు. మేనేజ్‌మెంట్ ఇంజిన్‌ను పూర్తిగా తీసేయలేం గానీ, ఎంఈ క్లీనర్ అనే పనిముట్టుతో నెట్‌వర్క్ భాగంతో సహా చాలావరకు తొలగించి, మెగాబైట్ల ప్రోగ్రామును వంద కేబీ లోపుకు కుదించవచ్చు. మిగిలే ముక్క యంత్రాన్ని లేపే పనికి మాత్రమే పరిమితమవుతుంది. నా మొదటి రెండు ప్రశ్నలకు సంతృప్తికరమైన జవాబు ఇక్కడ దొరికింది: చేరువ తగ్గింది, కుదించే దారి చేతిలో ఉంది. ఐ5 ప్రాసెసర్లలో ఏఈఎస్ ఆదేశాలు ఉన్నాయి, ర్యామ్ 16 జీబీ దాకా వేసుకోవచ్చు. ఒక జాగ్రత్త: ఐ3-3110ఎం లాంటి ఐ3 ప్రాసెసర్లలో ఆ ఏఈఎస్ ఆదేశాలు లేవు. ధర కొంచెం తక్కువని వాటిని తీసుకుంటే ఈ తరానికి వచ్చిన ప్రయోజనంలో సగం పోతుంది.

ఈ తరంలో అందరికీ తెలిసిన పేరు థింక్‌ప్యాడ్ ఎక్స్230. దాన్ని వదిలి డెల్ లాటిట్యూడ్ ఈ6430 వైపు మొగ్గాను, అందుకు కారణాలు ఉన్నాయి. ఎక్స్230లో ఎంబెడెడ్ కంట్రోలర్ అసలు కంపెనీ బ్యాటరీ కాకపోతే ఛార్జ్ చేయనివ్వదు. ఇంత పాత యంత్రానికి అసలు బ్యాటరీ కొత్తది దొరకడం అనుమానమే, బజారులో దొరికేవన్నీ ఇతర కంపెనీలవి. ఆ నిషేధాన్ని తొలగించే సవరణ ఉంది కానీ, కోర్‌బూట్ వేయకముందే అది చేసుకోవాలి. బయోస్ చిప్‌లు రెండు, వాటిని రాయడానికి యంత్రాన్ని విప్పి క్లిప్పు తగిలించడం మామూలు పద్ధతి. ఇందాక హాని తక్కువన్న కంట్రోలరే ఇక్కడ రోజువారీ బతుకును అడ్డుకుంటోంది. సమాచారానికి హాని చేయకపోయినా, యజమాని ఏ బ్యాటరీ కొనాలో నిర్ణయించే అధికారం దానికి ఉంది. ఎక్కడ ఏ ముక్క మూసి ఉందో కాగితం మీద కాకుండా యంత్రం మీదే చూసుకోవాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ6430కు లిబ్రేబూట్ ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, డెల్ ఫ్లాష్ అన్‌లాక్ అనే చిన్న ప్రోగ్రాము ఎంబెడెడ్ కంట్రోలర్‌కే ఆదేశం ఇచ్చి ఫ్లాష్ చిప్ మీది రక్షణను ఎత్తేయిస్తుంది కనుక స్క్రూ ఒక్కటి కూడా విప్పకుండా లైనక్స్ నుంచే కొత్త బయోస్ రాయవచ్చు. "రేపు నువ్వు లేకుంటే" అన్న ప్రశ్నకు ఇది సూటి జవాబు. డెల్‌కూ తన పట్టు ఉంది: ఛార్జర్‌ను గుర్తించకపోతే బ్యాటరీ ఛార్జ్ కాదు, ప్రాసెసర్ వేగమూ పడిపోతుంది. అయితే డెల్ ఛార్జర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి కాబట్టి ఆ ఇబ్బందిని భరించవచ్చు. వైఫై కార్డుల విషయంలో డెల్ నయం. థింక్‌ప్యాడ్ అసలు బయోస్ తన జాబితాలో లేని కార్డును ఒప్పుకోదు, లాటిట్యూడ్‌లో అలాంటి జాబితా లేదు. యంత్రాలతో వచ్చిన వైఫై కార్డులకు మూసిన ఫర్మ్‌వేర్ కావాలి కనుక వాటిని తీసేసి, అథెరాస్ చిప్ ఉన్న ఏఆర్5బీ22 కార్డులు వేశాం. వీటిని నడిపే ఏటీహెచ్9కే డ్రైవర్‌కు ఏ ఫర్మ్‌వేరూ అక్కర్లేదు. బ్లూటూత్‌కు మాత్రం కావాలి. బృందానికి బ్లూటూత్ అవసరం లేదు కనుక దాన్ని వదిలేశాం.

కొనుగోలు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో జరిగింది. ఆఫీసుల నుంచి కుప్పలుగా వచ్చే లాటిట్యూడ్లు అక్కడ దొరుకుతాయి. ఒక కొత్త ల్యాప్‌టాప్‌కు అయ్యే డబ్బుతో ఇలాంటివి రెండుమూడు వస్తాయి. అమ్మేవాళ్లు ర్యామ్, డిస్కు, స్క్రీన్ గురించి చెబుతారు గానీ, నాకు కావలసిన వివరాలు అడిగి తెలుసుకోవలసినవి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్నవి తీసుకోకూడదు, ఇంటెల్ గ్రాఫిక్స్ మాత్రమే ఉన్నవి కావాలి. బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉన్నవాటిని పక్కన పెట్టాలి. మూత మడతబందులు, ఛార్జర్ గుచ్చే చోటు, ఫ్యాన్ శబ్దం చూసుకోవాలి. మన ఎండాకాలంలో ఈ వయసు యంత్రాలు వేడికి ఆగిపోతాయి కాబట్టి, తెచ్చిన ప్రతిదానికీ ఫ్యాన్ శుభ్రం చేసి థర్మల్ పేస్టు కొత్తగా పూశాం. దాత ఒప్పుకోవడంతో, కొత్త యంత్రాలకు పెడదామనుకున్న డబ్బు ఎస్‌ఎస్‌డీలకు, ర్యామ్‌కు, అదనపు బ్యాటరీలకు, బృందం శిక్షణకు మళ్లింది. ఆయనను ఒప్పించింది సాంకేతిక వాదం కాదు. విడిభాగం పోతే ఆ యంత్రాన్ని పారేయకుండా ఇక్కడే బాగుచేసుకోవచ్చన్న ఒక్క మాట ఆయనకు నచ్చింది.

బయోస్ మార్చేటప్పుడు

ఇదే పని చేయదలచినవారికి మూడు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, అసలు బయోస్‌ను ముందుగా చదివి, రెండుసార్లు చదివిన ఫైళ్లు ఒకటేనా అని పోల్చి, వేరే చోట భద్రపరచాలి. రెండోది, ఈ తరానికి లిబ్రేబూట్ పంపిణీ చేసే ఫైళ్లలో మేనేజ్‌మెంట్ ఇంజిన్ ముక్క ఉండదు. దాన్ని మనమే లిబ్రేబూట్ ఇచ్చే స్క్రిప్టుతో చేర్చుకున్నాకే చిప్‌లో రాయాలి. చేర్చకుండా రాస్తే యంత్రం సరిగా లేవదు, అప్పుడు క్లిప్పుతోనే దారిలోకి తేవాలి. అదే స్క్రిప్టుతో ఒక్కో యంత్రానికి ఒక్కో మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తు) పెట్టాలి, లేకపోతే ఒకే నెట్‌వర్క్‌లో రెండు యంత్రాలు ఒకే చిరునామాతో కొట్లాడుకుంటాయి. మూడోది మన ఊళ్ల కరెంటుకు సంబంధించినది: బ్యాటరీ నిండుగా ఉండి, ఛార్జర్ కూడా తగిలించి ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి.

లిబ్రేబూట్ బయోస్ ప్రాసెసర్ మైక్రోకోడ్‌ను తనతో పాటే ఎక్కిస్తుంది. ఐవీ బ్రిడ్జ్‌కు 2018 తర్వాతి సవరణలు అందాయి కనుక అవి బయోస్ నుంచే వచ్చాయి. వైఫైకు ఫర్మ్‌వేర్ అక్కర్లేదు, గ్రాఫిక్స్‌కు అక్కర్లేదు. ఫలితంగా డెబియన్ 13ను మూసిన ఫర్మ్‌వేర్ ఏదీ వద్దని ఇన్‌స్టాలర్‌కు ముందే చెప్పి వేయగలిగాం, ఆ విభాగాన్ని తెరవవలసిన అవసరమే రాలేదు. మొదటి యంత్రం నేను చేసి చూపించాను. మిగతావి బృందంలోని ఇద్దరు తమ చేతులతో చేశారు, నేను పక్కన కూర్చున్నాను.

ఎక్స్200కు దొరికిన చోటు

ఆ కార్యకర్త వాదనను నేను కొట్టిపారేయలేదని ముందే చెప్పాను. సర్వే ఫారాల కోసం బృందం ఓడీకే కలెక్ట్ అనే స్వేచ్ఛా యాప్‌కు మారింది. ఫారాన్ని ఫోన్‌లోనే గుప్తీకరించి పంపే సౌకర్యం అందులో ఉంది. దాన్ని విప్పే ప్రైవేట్ కీ ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎక్స్200 సరిగ్గా సరిపోయింది. వైఫై కార్డు తీసేసి, నెట్‌వర్క్ కేబుల్ ఎప్పుడూ తగిలించకుండా, బీరువాలో పెట్టిన ఒకే ఒక్క యంత్రం మీద ఆ కీ ఉంటుంది. సర్వర్ నుంచి దింపిన గుప్త ఫారాలను పెన్‌డ్రైవ్‌లో దానిలోకి తెచ్చి, అక్కడ విప్పి, పేర్లు, ఫొటోలు అక్కడే ఉంచేసి, బోరు నంబరు, స్థానం, ఫ్లోరైడ్ విలువ మాత్రమే పటం వేసే యంత్రానికి పంపుతారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్లు పటంలో ఎర్రగా కనబడాలంటే మనిషి పేరు అక్కర్లేదు. బ్రౌజర్ వాడని, నెట్‌వర్క్ లేని యంత్రానికి స్పెక్టర్ వల్ల ముప్పు దాదాపు లేదు, వేగం తక్కువైనా ఎవరూ తొందరపడరు, మేనేజ్‌మెంట్ ఇంజిన్ లేకపోవడం ఇక్కడ నిజమైన లాభం. వయసు మీరిన యంత్రానికి పని తగ్గించి ఇవ్వడం కాదిది. ఆ పనికి అంతకంటే తగిన యంత్రం లేదు.

ఉపగ్రహ చిత్రాల మీద పటాలు వేసే ఒక్కరికి ఈ6430 చాలలేదు. వారికి 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480 తీసుకున్నాం. దీనికి బూట్ గార్డ్ ఉన్నప్పటికీ, మేనేజ్‌మెంట్ ఇంజిన్ 11లోని ఒక లోపాన్ని ఆధారం చేసుకుని దాన్ని దాటే డీగార్డ్ అనే మార్గం దొరికింది, 2024 డిసెంబర్‌లో లిబ్రేబూట్ ఈ మోడల్‌ను చేర్చుకుంది. మెమరీ లేపడానికి ఇంటెల్ మూసిన ముక్క ఇందులో తప్పదు, చిప్ రాయడానికి యంత్రం విప్పక తప్పదు. అందుకే దీన్ని బృందానికి ప్రమాణంగా కాక మినహాయింపుగానే పెట్టాను. ఈ యంత్రంలో వ్యక్తుల వివరాలు ఉంచకూడదన్న నియమాన్ని వాళ్లే రాసి గోడకు అతికించుకున్నారు.

ఫోన్ల విషయంలో ఇంత దూరం పోలేదు. మోడెమ్ మూసే ఉంటుంది, దాన్ని మార్చే దారి మన చేతిలో లేదు. అందుకే ఫోన్‌ను నింపి పంపే పలకగానే చూశాం: ఎఫ్-డ్రాయిడ్ అనే స్వేచ్ఛా యాప్‌ల భండారం నుంచి యాప్‌లు, గుప్తీకరించిన ఫారాలు, పంపాక ఫోన్‌లో ఏదీ మిగలకుండా తుడిచే అలవాటు.

తెలుగులో పని

బృందానికి అన్నిటికంటే ఎక్కువ శ్రమ తెచ్చింది బయోస్ కాదు, పాత నివేదికలు. అవన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఫాంటు లేని చోట తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనబడతాయి. ఏళ్ల శ్రమ ఒక ఫాంటు లైసెన్సుకు కట్టుబడి ఉండటం మేనేజ్‌మెంట్ ఇంజిన్ కంటే దగ్గరి బంధనం. దాని గురించి మాత్రం ఎవరూ ఇంత గట్టిగా వాదించరు. మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి తెచ్చి, తప్పిన ఒత్తులను కూర్చుని చేత్తో దిద్దారు. ఇకపై రాసేవి లిబ్రేఆఫీస్‌లో రాస్తున్నారు. చిన్న పుస్తకాల కూర్పుకు స్క్రైబస్ వాడుతున్నారు. 2024 జనవరిలో వచ్చిన దాని 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు సరిగా పడుతున్నాయి. అక్షరాలకు మండలి, రామభద్ర లాంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లు ఉన్నాయి. అను కీబోర్డుకు అలవాటు పడిన డీటీపీ ఆపరేటర్‌కు ఐబస్ అనే టైపింగ్ పనిముట్టులోని యాపిల్ లేఅవుట్ పెట్టాం, కుర్రవాళ్లు ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) వాడుతున్నారు.

ప్రస్తుతం ఈ6430లు పల్లెల్లో తిరుగుతున్నాయి. బ్యాటరీ మూడు గంటలు దాటి రావడం లేదు కనుక ప్రతివారూ రెండోది సంచిలో పెట్టుకుంటున్నారు, బరువు గురించిన ఫిర్యాదు తీరలేదు. డెబియన్ 13కు దీర్ఘకాల మద్దతు 2030 దాకా ఉంటుంది. మరో లైనక్స్ కూర్పైన రెడ్ హ్యాట్ తన పదో వెర్షన్‌తో హాస్వెల్ కంటే ముందు తరాల ప్రాసెసర్లను వదిలేసింది. డెబియన్ అలా చేయలేదు, చేస్తే ఆ రోజు ఈ యంత్రాల సంగతి మళ్లీ చూడాలి. అప్పటికి టీ480 తరం యంత్రాలు చవకగా, ఎక్కువగా దొరుకుతాయి. వాటిని విప్పి చిప్ రాయడం బృందంలోని ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పటికే నా దగ్గర నేర్చుకుంటున్నారు.